రోజూ ఊది చూసిన చెవి

నా ఎడమ చెవికి చిల్లు పెట్టింది మా తమ్ముడు. ఈ మాట ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను గానీ, ఆ హోలీ తర్వాత నెలన్నర పాటు పళ్ళు కొరుకుతూ చెప్పుకు తిరిగాను. గౌలిపురాలో మా ఇంటి నుంచి అఫ్జల్‌గంజ్‌లో మా బ్యాండు షాపు దాకా దారిలో ఎన్ని చాయ్ హోటళ్ళున్నాయో అన్నింట్లోనూ చెప్పాను. అడిగినవాళ్ళకూ చెప్పాను, అడగనివాళ్ళను కూర్చోబెట్టి మరీ చెప్పాను.

మా సంగతి ముందు చెప్పాలి. అన్నదమ్ములిద్దరం బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదుతాం. నాకు యాభై నాలుగేళ్ళు, వాడికి యాభై ఒకటి. పెళ్ళి ఊరేగింపులో ముందు వరసలో పక్కపక్కనే నడుస్తాం. పాట నేను ఎత్తుకుంటాను, దాని కింద వాడు ఇంకో వరస ఊదుతూ నన్ను మోస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి. పాట అయ్యాక జనం నన్ను మెచ్చుకుంటారు, వాడు పక్కన నిలబడి మెడ మీద చెమట తుడుచుకుంటాడు. వాడికి అదేం పట్టదు. నాకు మాత్రం ఆ మెప్పు బాగానే తలకెక్కింది.

మా ఇంట్లో తమ్ముడు అన్నకు ఎదురు చెప్పడు. ఏడాది పొడుగునా నేను తిడతాను, వాడు పడతాడు. హోలీ నాడు ఒక్కరోజు మాత్రం వాడికి సెలవు. పొద్దున్నే వాళ్ళింటి నుంచి వచ్చి, రంగునీళ్ళ బుడగలు బకెట్‌లో నింపుకొని మా డాబా ఎక్కి పిట్టగోడ వెనక దాక్కుంటాడు. నేను గడప దాటగానే కొడతాడు. నిక్కర్ల రోజుల నుంచీ ఉన్న ఆట ఇది. ఇద్దరికీ బట్టతల వచ్చినా మానలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా తెలియనట్టు నటిస్తూ గడప దగ్గర కాసేపు నిలబడేవాణ్ణి, వాడి గురి కుదరాలని.

ఆ ఏడు గురి మరీ బాగా కుదిరింది. పాల గిన్నెతో గడప దాటి తల ఎత్తేలోపే బుడగ వచ్చి ఎడమ చెవిని సరిగ్గా మూసేసినట్టు తగిలింది. తలలోపల ఏదో ఫట్‌మంది. వీధి మొత్తం గుండ్రంగా తిరిగింది. గోడ పట్టుకొని కూలబడ్డాను. పైన వాడు పకపకా నవ్వుతున్నట్టు కనిపిస్తోంది, నవ్వు మాత్రం ఒక పక్క నుంచే వినిపిస్తోంది. చెవిలో వేలు పెట్టి చూసుకుంటే గులాబి నీళ్ళతో పాటు కాస్త నెత్తురు.

మా ఆవిడ క్షణంలో వెల్లుల్లి వేసి నూనె కాచి తెచ్చింది. మా ఇంట్లో చెవికి ఏమొచ్చినా అదే మందు. ఆ రోజు నాకు అందరిమీదా కోపమే. నూనె గిన్నెను పక్కకు నెట్టి, "నన్ను ముట్టకుర్రి. ఒకడు చెవి పలగ్గొట్టిండు, ఇంకొకరు దాన్ని నూనెల వేంపుతరా" అన్నాను. ఆ కోపమే నాకు మేలు చేసిందని తర్వాత తెలిసింది.

మర్నాడు మలక్‌పేటలో చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. స్కూటర్ తమ్ముడు నడిపాడు. నేను వాడి భుజం కూడా పట్టుకోకుండా వెనక కడ్డీ పట్టుకొని కూర్చున్నాను. వాడు మాత్రం ప్రతి సిగ్నల్ దగ్గరా వెనక్కి తిరిగి, "నొస్తుందా అన్నా" అని అడుగుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ కోస్తా ఆవిడ, మాట నెమ్మది. చెవిలో లైటు వేసి చాలాసేపు చూసింది. "కర్ణభేరి చిరిగిందండి. చిన్న చిల్లే" అంది.

"చిన్న చిల్లే అయితే ఏదన్న పెట్టి అతికియ్యరాదు మేడం. మా బాజాకు చిల్లు పడితే టంకం పెడ్తం, ఐదు నిమిషాల పని" అన్నాను.

ఆవిడ నవ్వింది. "టంకం అక్కర్లేదు. చాలామందికి రెండు మూడు నెలల్లో దానంతట అదే పూడిపోతుంది. అంచుల నుంచి కొత్త పొర పెరుగుతుందండి. మనం చేయాల్సిందల్లా దాన్ని చెడగొట్టకుండా ఉండటమే. చెవిలో నీళ్ళు పడకూడదు, నూనె అసలే వద్దు. ముక్కు గట్టిగా చీదకండి. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మండి. రంగునీళ్ళు లోపలికి వెళ్ళాయి కాబట్టి చీము పట్టకుండా మాత్రలు రాస్తున్నాను."

"మరి ట్రంపెట్?"

"అది పూడేదాకా ముట్టుకోవద్దు. బలంగా ఊదితే గాలి లోపలి నుంచి చెవి మీదికి తన్నుకొస్తుంది."

తమ్ముడు తలుపు దగ్గర నిలబడే అడిగాడు. "పూడకపోతే మేడం?"

"అప్పుడు ఆపరేషన్ చేయాలి. చెవి వెనక నుంచి చిన్న పొర తీసి అతికిస్తాం. వినికిడికి ఇబ్బంది ఉండదు గానీ, మళ్ళీ ఇంత బలంగా ఎప్పుడు ఊదొచ్చో, అసలు ఊదొచ్చో లేదో ఇప్పుడే చెప్పలేను."

నాకు ట్రంపెట్ తప్ప ఇంకో పని రాదు. ఇంకో పని నేర్చుకునే వయసూ కాదు. ఆ మాట విన్నాక స్కూటర్ వెనక కూర్చుని, దారిలో ప్రతి దుకాణం బోర్డూ చదువుకుంటూ వచ్చాను. వాడు మాత్రం ఆ తర్వాత ఏ సిగ్నల్ దగ్గరా వెనక్కి తిరగలేదు.

ఇక్కడి నుంచి నా తెలివితేటలు మొదలవుతాయి. మా బ్యాండువాళ్ళకు ఒక అలవాటుంది. ఇత్తడి బాజా ఎంత పాతదైనా బయటికి తీసుకెళ్ళే ముందు గాలి పోతోందేమో చూసుకుంటాం. వెడల్పు మూతిని అరచేత్తో మూసి, ఇటునుంచి ఊది, ఎక్కడ సుయ్‌మంటుందో వింటాం. సుయ్‌మన్నచోట తాత్కాలికంగా మైనం పెట్టి, తర్వాత టంకం పెట్టిస్తాం. చూసుకోకుండా పెళ్ళికి వెళ్ళేవాణ్ణి మేము పనివాడని అనం. చిన్నప్పటి నుంచి చేతికి, నోటికి పట్టేసిన అలవాటు.

డాక్టరమ్మ బాజా ఊదొద్దంది గానీ చెవిని చూసుకోవద్దని అనలేదు కదా. వారం తర్వాత ఒక పొద్దున డాబా మీద కూర్చుని, ముక్కు రెండు వేళ్ళతో మూసి, నోరు బిగించి, లోపలికే మెల్లగా ఊదాను. ఎడమ చెవిలోంచి సన్నగా సుయ్‌మని గాలి బయటికి వచ్చింది. ఇంకా పూడలేదన్నమాట. సరే, రేపు చూద్దాం అనుకున్నాను.

అంతే, రోజూ పళ్ళు తోముకున్న వెంటనే అదే పని. ఒకోరోజు నాకు సరిగ్గా తెలియక మా ఆవిణ్ణి పిలిచేవాణ్ణి. "జెర ఇటు రా, చెవి పెట్టి ఇను, నిన్నటికంటే తగ్గిందా?" ఆమె పోపు మధ్యలో వదిలేసి వచ్చి, తన చెవి నా చెవికి ఆనించి, "తగ్గినట్టే ఉంది" అనేది. ఆ రోజంతా నాకు పండగ. పూట గడిచి మర్నాడు ఊది చూస్తే మళ్ళీ మొదటికే వచ్చేది. ఇదేం చెవిరా నాయనా, ముందుకొకడుగు వెనక్కొకడుగు అని తల పట్టుకునేవాణ్ణి.

ఆ లోపల పెళ్ళిళ్ళ సీజన్ వచ్చింది. పాట ఎత్తుకునే పని తమ్ముడి మీద పడింది. వాడి పక్కన ఊదడానికి వేరే షాపు నుంచి ఒకాయన్ను తెచ్చుకున్నారు. సాయంత్రం వాడు యూనిఫాంతోనే మా ఇంటికి వచ్చి గడప అవతలే నిలబడి, "ఎట్లుందన్నా చెవి" అనేవాడు. "నీ దయ వల్ల గట్లనే ఉంది" అనేవాణ్ణి. "ఇయ్యాల ఆగమాగం ఊదిన అన్నా, రెండో పాటల ఊపిరి అందలే" అని వాడు చెప్పేవాడు. నాకు లోపల చల్లగా ఉండేది. దాచుకోను, ఉండేది.

ఒక మధ్యాహ్నం వాళ్ళ మేళం మా వీధి చివర నుంచే వెళ్ళింది. బయటికి రాకుండా కిటికీ దగ్గర నిలబడి కుడి చెవిని అటు తిప్పి విన్నాను. ఆగమాగం ఏమీ లేదు. వాడు బ్రహ్మాండంగా ఊదుతున్నాడు. నేను నొక్కి పెద్దగా చేసే చోట వాడు తగ్గించి ఊదుతున్నాడు, పాటకు అదే బాగుంది. ముప్పై ఏళ్ళు నా కింద ఊదినవాడికి ఇంత చేతనవునని నాకే తెలియదు. అసూయతో కిటికీ రెక్క లాగేశాను. సాయంత్రం వాడు వచ్చి యథాప్రకారం, "ఇయ్యాల గూడ ఖరాబ్ అయింది" అంటే ఒళ్ళు మండి తలుపు వేసేశాను. మర్నాడు చాయ్ హోటల్లో ఆ బుడగ కథ ఇంకాస్త గట్టిగా చెప్పాను.

ఆరు వారాలకు మళ్ళీ మలక్‌పేట. డాక్టరమ్మ చెవిలోకి చూస్తూ ముఖం చిట్లించింది. మళ్ళీ చూసింది. "వింతగా ఉందండి. పొర పెరుగుతోంది, మళ్ళీ చిరుగుతోంది. అంచున తాజాగా ఎర్రగా ఉంది. నీళ్ళేమైనా పోతున్నాయా? పుల్లలు పెడుతున్నారా?"

"లేదు మేడం. మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తున్న. రోజు పొద్దుగాల చెక్ గూడ చేస్తున్న."

"చెక్ అంటే?"

గర్వంగా చేసి చూపించబోయాను. ముక్కు మీదికి చేయి వెళ్ళేలోపే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. అంత నెమ్మదైన మనిషి అంత గట్టిగా పట్టుకుంటుందనుకోలేదు.

"రోజూనా?"

"రోజు. ఒక్క నాడు గూడ తప్పలే."

ఆవిడ చేతిలో లైటు బల్ల మీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలింది. "చూడండి, రాత్రంతా అది ఉల్లిపొరంత పలచటి తెర ఒకటి కట్టుకుంటోంది. పొద్దున్నే మీరు దాన్ని ఊది చింపేస్తున్నారు. పూడిందో లేదో చూడటానికే మీరు దాన్ని పూడనివ్వట్లేదు."

తమ్ముడు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. నేను తలవంచుకున్నాను. ఐదు వారాలు, రోజుకొకసారి చొప్పున, నా చెవిని నేనే చింపుకున్నాను. బుడగ కొట్టింది ఒక్కసారే.

"ఇంకో నెల ఇస్తున్నాను. చూసుకోవద్దు, ఊదొద్దు, దాని సంగతే మర్చిపోండి. అప్పటికీ పూడకపోతే ఆపరేషన్ మాట ఆలోచిద్దాం" అంది ఆవిడ.

ఇంటికొచ్చాక మా ఆవిడ విషయమంతా విని ముందు కడుపు పట్టుకొని నవ్వింది. తర్వాత తమ్ముడు వెళ్ళిపోయేదాకా ఆగి, గిన్నెలు సర్దుతూ అంది. "చెవి సంగతి సరే. వాణ్ణి గూడ గట్లనే చేస్తున్నవ్ నువ్వు. వాడు దినాం పొద్దుమీకి వచ్చి నిలబడ్తుండు, నువ్వు దినాం అదే మాట పొడుస్తున్నవ్. హోలీ నుంచి నీ మరదలు చెప్తుంది, వాడు సక్కగ అన్నం తింటలేడట. ఊకోరాదు ఇగ."

నాకు కోపం రావాల్సింది, రాలేదు. పుట్టి ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అంత సరిగ్గా తిట్టలేదు. ఆ రాత్రి పడుకునే ముందే నిర్ణయించుకున్నాను. చెవిని ముట్టుకోను, వాణ్ణీ ఏమీ అనను.

చెప్పినంత తేలిక కాదు. పళ్ళు తోముకోగానే చేయి దానంతట అదే ముక్కు మీదికి పోయేది. మర్నాటి నుంచి తమ్ముడు కాపలాకు వచ్చాడు, నేను పిలవలేదు. సరిగ్గా ఆ వేళకు రెండు గ్లాసుల చాయ్, నాలుగు ఉస్మానియా బిస్కెట్లతో డాబా ఎక్కేవాడు. ఒక గ్లాసు నా కుడి చేతిలో, రెండు బిస్కెట్లు ఎడమ చేతిలో పెట్టి, "ఇగ చెయ్యి ఖాళీ లేదు గదా" అనేవాడు. నాకు నవ్వొచ్చేది.

ఆ నెల నా జీవితంలో మంచి నెలల్లో ఒకటి. పనీ పాటా లేదు. స్నానానికి ముందు మా ఆవిడ దూదికి వాజలీన్ రాసి చెవిలో పెట్టేది, చిన్నపిల్లాడికి చేసినట్టు గడ్డం పట్టుకొని మరీ. పొద్దునపూట వాడూ నేనూ చాయ్ తాగుతూ కూర్చుంటే పక్క డాబా మీద పావురాలు ఎగరేసేవాళ్ళు ఈలలు వేసేవారు. నాన్న సంగతులు, ఊదిన పెళ్ళిళ్ళు, పెళ్ళికొడుకు గుర్రం బెదిరి మేళంలోకి దూరిన సంగతి, అన్నీ మాట్లాడుకున్నాం. ముప్పై ఏళ్ళు పక్కపక్కన నడిచాం గానీ, నోట్లో బాజా ఉంటే మాటలెక్కడివి?

ఒకరోజు ధైర్యం చేసి అన్నాను. "ఆ రోజు మన గల్లీ మూలకెల్లి పోయినప్పుడు ఇన్న. నువ్వు మస్తు ఊదినవ్ రా."

వాడు బిస్కెట్ చాయ్‌లో ముంచి అలాగే పట్టుకున్నాడు. అది మెత్తబడి గ్లాసులో పడిపోయింది. "ఏదో అన్నా" అన్నాడు. ఆ చాయ్ అలాగే తాగేశాడు.

నెల తిరిగాక డాక్టరమ్మ చెవిలోకి చూసి, లైటు సరిచేసుకొని మళ్ళీ చూసింది. తలుపు దగ్గర తమ్ముడు దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"పూడిపోయిందండి" అంది. "పూర్తిగా. నేనేం చేయలేదు, మీరూ ఏం చేయలేదు. అదే నయమైంది."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ ముందు ఏడవడానికి సిగ్గేసింది గానీ ఆపుకోలేదు. పక్క గదిలో చెవులకు గొట్టాలు తగిలించి వినికిడి పరీక్ష కూడా చేశారు. సన్నటి శబ్దాల్లో ఎడమ వైపు ఇంకా కాస్త తేడా ఉందట. అది కూడా సర్దుకుంటుందని, రెండు వారాలాగి మెల్లగా ఊదడం మొదలుపెట్టమని ఆవిడ చెప్పింది. నాకు "ఊదండి" అన్న మాటే వినబడింది. తమ్ముడికి మాత్రం "కాస్త తేడా" అన్నది పట్టుకుంది. స్కూటర్ నడుపుతూ రెండుసార్లు అడిగాడు, "తేడా అంటే ఎంత తేడా అన్నా?" అని.

ఆ తర్వాత మొదటి పెళ్ళి కంచన్‌బాగ్‌లో. పొద్దున పది గంటలకు ఎదురుకోళ్ళు, అంటే మగపెళ్ళివాళ్ళను దారిలోనే కలిసి మేళంతో మండపానికి తోలుకురావడం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. యూనిఫాం నడుం దగ్గర బిగుసుకుపోయింది, మూడు నెలల తిండి మరి. నా ఎడమ పక్కన తమ్ముడు, కుడి పక్కన డ్రమ్ములు. అందరికీ తెలిసిన పాత పాట ఎత్తుకున్నాను. గాలి అంతా బాజాలోకే వెళ్ళింది. ఒక్క పిసరు కూడా చెవిలోంచి పోలేదు. ఆ సుఖం నేను మాటల్లో చెప్పలేను. కడుపు నిండినట్టయింది.

రెండో చరణంలో తమ్ముడు ఒకచోట తప్పు ఊదాడు. అరస్వరం కిందికి దించేశాడు. నాకు స్పష్టంగా వినిపించింది. పాత నేనైతే అక్కడే కళ్ళురిమేవాణ్ణి. కానీ మాటిచ్చుకున్నాను కదా, పోనీలే అని మింగేశాను. మలుపు తిరిగాక మళ్ళీ అదే చోట, అదే తప్పు. వాడు ఓరగా నా వైపు చూశాడు. నేను మాత్రం ఎంతో పెద్దమనసుతో ఏమీ విననట్టు ముందుకే చూస్తూ నడిచాను. నా సహనానికి నాకే ముచ్చటేసింది. వాడి ముఖం చూస్తే నెత్తురు లేనట్టు పాలిపోయింది. ఎండేమో అనుకున్నాను.

మండపం వంద అడుగులుందనగా మూడోసారి. ఈసారి అరస్వరం కాదు, పూర్తిగా వేరే ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. మాటా లేదు, మన్నూ లేదు. బాజా నోట్లోంచి తీసేసి, "ఏం ఊదుతున్నవ్ రా, తలకాయ ఏడ పెట్టినవ్? పొద్దుగాలకెల్లి చూస్తున్న, మూడుసార్లు తప్పినవ్" అని నడివీధిలో అరిచాను. డ్రమ్ములు ఆగిపోయాయి. పెళ్ళికొడుకు కారులోంచి తల బయటపెట్టాడు.

తమ్ముడు బాజా దించాడు.

"మూడుసార్లు ఇనబడ్డదా?"

"ఇనబడక? నేనేమన్న చెవిటోన్నా?"

"కావాలనే ఊదిన అన్నా" అన్నాడు. "రెండుసార్లు నువ్వేమనకపోతే నా పాణం పోయింది. ఆ చెవి నేను ఖతం చేసిన అనుకున్న."

ముఖం పక్కకు తిప్పుకొని మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. యాభై ఒక్కేళ్ళవాడు, ఎర్ర కోటు, బంగారు రంగు గుండీలు, అంతమంది ముందు. వెన్ను తట్టడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

అందుకే మళ్ళీ తిట్టాను. వాడి ఊదుడును తిట్టాను, వాడి గుండీలను తిట్టాను, వాడి తెలివిని తిట్టాను. వాడు తలవంచుకొని నిలబడి, నవ్వుతూ ఏడుస్తూ, "ఇంకా తిట్టన్నా" అన్నాడు.